తలుపున్న గది

తిరుపతి,
జూన్ 20

ప్రియమైన లోకా,

నాకు ఉద్యోగం వచ్చింది. ఇంట్లో కూర్చుని చేసేది. ఫోన్ చేస్తే నువ్వు అరుస్తావు, మీ బెల్లం మండీలో అందరూ వింటారు. అందుకని రాస్తున్నాను.

ఎక్కడో ఆస్పత్రుల్లో డాక్టర్లు రోగుల గురించి మాట్లాడి రికార్డు చేస్తారు. ఆ మాటల్ని కంప్యూటర్ అక్షరాల్లో పెడుతుంది, బోలెడు తప్పులతో. నేను హెడ్‌ఫోన్ పెట్టుకుని విని ఆ తప్పులు దిద్దాలి. పొద్దున ఆరు నుంచి రెండు వరకు. ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు. చెన్నై ఆఫీసులో నలభై మంది మధ్య కూర్చోలేక, అన్నం సహించక నేను తిరిగి వచ్చేసిన సంగతి నీకు తెలుసు. ఇది కూడా పోతే నేను చేయగలిగిన పని ఇంకొకటి ఉంటుందని అనుకోను.

రోగుల వివరాలు కాబట్టి గదిలో నేను తప్ప ఇంకెవరూ ఉండకూడదు. గదికి తలుపుండాలి, పనిచేస్తున్నంతసేపూ మూసి ఉండాలి. బల్ల మీద కాగితం, కలం, ఫోను పెట్టకూడదు. మూడు నెలలు పరీక్ష కాలం. ఏ రోజైనా, చెప్పకుండా, కెమెరా నాలుగు గోడలకూ తిప్పి చూపించమంటారు.

మా ఇల్లు నువ్వు చూశావు. హాల్లో పెరుమాళ్ళ విగ్రహం, నాన్న పారాయణం. అన్నావదినల గదికి తలుపుంది గాని మిద్దె మీదికి దారి దానిలోంచే. మిగిలింది పెరటి వైపు గది. నెలలో ఆ మూడు రోజులు నేనూ వదినా దూరంగా కూర్చునే గది. తక్కిన రోజుల్లో అందులో ఎవరూ అడుగు పెట్టరు.

నాన్న గుమ్మం దాకా వచ్చి, "గాలి వస్తుందా?" అని అడిగి వెళ్ళిపోయాడు. అనుమతి ఇచ్చినట్టే. అమ్మ మూడు రోజులు మాట్లాడలేదు.

గది సర్దింది నిజానికి వదినే. నేను బల్లను గోడకు ఆనించి పెడితే తను తిప్పించింది. "కిటికీ ఎడమ చేతి వైపు ఉండాలి. పది గంటలకు ఎండ ఇక్కడికి వస్తుంది, పదకొండున్నరకు పోతుంది" అంది. మానిటర్ కింద నాన్నవి పాత పంచాంగాలు పెట్టాను. కాగితం కూడదన్నారు కదా అని నాకు తట్టనే లేదు. తనే వాటిని తీసి రెండు ఇటుకలకు గుడ్డ చుట్టి పెట్టింది. పూలు కట్టే అరటినారతో వైర్లన్నీ బల్ల కాలికి కట్టేసింది. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి ఎదురుగా నేల మీద కూర్చుని చూసింది. "కాళ్ళు వేలాడుతున్నాయి" అని వంటింటి పీట తెచ్చి పాదాల కింద తోసింది.

పుస్తకాలు బయట పెట్టేశాను. ఇది మెట్ల మీద కూర్చుని రాస్తున్నాను.

నీ
వేదిక

చిత్తూరు,
జూన్ 29

ఏమ్మే వేదీ,

అరిచినాను. మండీలో అందరూ విన్నారు. తూకం వేస్తా ఉండే చెంగల్రాయుడు బెల్లం దిమ్మె కాలి మీద వేసుకున్నాడు. దానికి నీదే పూచీ.

మా అవ్వ "ఎవురికే, ఏమంట?" అనింది. వేదికకు ఉద్యోగం, ఇంట్లోనే అన్నాను. "ఇంట్లో చేసేదానికి ఉద్యోగమని పేరెందుకు? నేను అరవై ఏండ్లు చేసినా, ఎవురూ పేరు పెట్టలా" అనింది.

నీ గది తలుసుకుంటే కుళ్ళుగా ఉండాది. నా ఆఫీసు సూడు. కుడి పక్క బెల్లం, ఎడం పక్క ఈగలు, నడాన నేను. దాంట్లో కిటికీ ఎడమ చెయ్యంట, కాళ్ళ కింద పీటంట! మీ వదిన మా చిత్తూరు ఆడబిడ్డ కదా, తెలివి ఉండక ఎట్లా? గ్రీమ్స్‌పేటలో వాళ్ళమ్మ కనిపిస్తే చెప్తాను, మీ కల్యాణవల్లి ఇంజనీరయిందని.

ఒకటి అడగాల. ఆ మూడు దినాలు మీ వదిన యాడ కూర్చుంటాది? నీ జాబులో యాడా లేదు. వెతికినాను.

లోకేశ్వరి

తిరుపతి,
జూలై 19

లోకా,

నువ్వు అడిగినది నేనూ అనుకున్నాను. వదిననే అడిగితే, "చూద్దాంలే, నేను మూల కూర్చుంటే ఎవరికి కనిపిస్తాను?" అంది. నేను ఆ మాట పట్టుకున్నాను.

బుధవారం తను దూరం. పెరటి దారిన వచ్చి మూలన చాప వేసుకుంది. వీధి అరుగు మీద కూర్చోవడానికి లేదు, గుళ్ళో గోష్ఠి పారాయణానికి వెళ్ళే పెద్దలు అటే నడుస్తారు. పెరట్లో నీడ లేదు. తను దగ్గు వచ్చినా కొంగు అడ్డం పెట్టుకుంది. హెడ్‌ఫోన్‌లో ఎవరో డాక్టరు ఎవరివో ఊపిరితిత్తుల గురించి చెబుతున్నాడు. నాకు వెనక వదిన ఊపిరే వినిపించింది.

గురువారం తొమ్మిదింటికి తనిఖీ పెట్టారు. సూపర్‌వైజర్ పేరు దయానంద్. మర్యాదస్తుడు. కెమెరా తిప్పమన్నాడు. తిప్పాను.

"ఆ మూల ఎవరండీ?"

"మా వదిన."

"పని టైములో ఎందుకున్నారు?"

లోకా, కారణం ఒక్క వాక్యం. ఆ వాక్యం ఒక మగమనిషికి చెప్పడానికి నాకు నోరు రాలేదు. వదిన మొహం గోడకు తిప్పుకుంది. ఆయన రెండుసార్లు అడిగి, "సరేనండీ, రాసుకుంటాను" అన్నాడు. సాయంత్రం మెయిల్ వచ్చింది. ఇది మొదటి హెచ్చరిక, రెండోది ఉండదు, మళ్ళీ ఎవరైనా కనిపిస్తే ఉద్యోగం అక్కడితో సరి.

అమ్మతో చెప్పాను, వదిన ఈ మూడు రోజులూ తన గదిలోనే కూర్చుంటే ఏమవుతుందని. "పెరుమాళ్ళు ఉన్న ఇల్లు ఇది. ఆయన్ను ఎక్కడికి పంపమంటావు?" అంది.

ఏం చేయాలో తెలియడం లేదు. ఈ నెల గడిచింది. నెల తిరిగితే మళ్ళీ వస్తుంది.

వేదిక

చిత్తూరు,
జూలై 27

వేదీ,

నువ్వు ఒక వాక్యం చెప్పలేనందుకు నాకు నిన్ను కొట్టాలని ఉండాది. స్కూల్లో కూడా ఇంతే. నీ సిరా నేను ఒలకపోస్తే సిస్టర్ ముందర నువ్వు ఒక మాట చెప్పకుండా నిలబడి ఏడిస్తివి, దెబ్బలు తింటివి.

మా ఇంట్లో పూజగదికి పోకుంటే సాలు. మీ ఇంట్లో అట్ల కుదరదని తెలుసు. అయితే ఒకటి చెప్తా విను. మీ వదినను కూర్చోనే వద్దని చెప్పు. ఎవురికి తెలుస్తాది? మొగానికేమన్నా రాసి పెట్టుంటాదా? మా చిన్నమ్మ పెండ్లిలో ఇట్లనే చేసింది, సాయంత్రం దాకా వడ్డించింది, ఏ దేవుడూ దిగి రాలా.

నవ్వులకే రాస్తా ఉండా మే. ఈ జాబు మీ నాయన కంట పడనీయొద్దు.

మామిడికాయల కాలం అయిపోయింది. ఊరంతా తీపి వాసన పోయి మళ్ళా డీజిల్ వాసన వస్తా ఉండాది.

లోకేశ్వరి

తిరుపతి,
ఆగస్టు 30

లోకా,

ఈ నెల వదిన గదికి రాలేదు.

ఇంట్లో అందరూ సంతోషంగా ఉన్నారు. పెళ్ళయి ఏడేళ్ళు. అమ్మ నోరు తెరిచి ఏమీ అనలేదు గాని వదినను బిందె ఎత్తనివ్వడం లేదు. అన్నయ్య తను పనిచేసే సూళ్లూరుపేట నుంచి శనివారం వచ్చినప్పుడు దానిమ్మపళ్ళు తెచ్చాడు. ఒక్కొక్కటీ కాగితంలో చుట్టి ఉంది. నాన్న పారాయణం అయ్యాక ఒక్క నిమిషం ఎక్కువ కూర్చుంటున్నాడు.

గది ఇప్పుడు నేను అనుకున్నట్టే ఉంది. బల్ల మీద తెర, కీబోర్డు, హెడ్‌ఫోను. ఇంకేమీ లేదు. కిటికీకి తెల్ల గుడ్డ కట్టాను, ఎండ నీళ్ళలా పలచబడి వస్తుంది. తలుపు మూస్తే ఇంటి చప్పుడు ఆగిపోతుంది. ఎనిమిది గంటలు నన్నెవరూ చూడరు. నా పుట్టుకలో ఇంత హాయి ఎరగను. ఈ నెల తప్పులు సున్నా అని దయానంద్ గారు రాశారు.

వదిన బాగానే ఉంది. ఎక్కువ మాట్లాడదు.

వేదిక

చిత్తూరు,
సెప్టెంబర్ 8

మే వేదీ,

శుభం. అవ్వకు చెప్పినాను. "ఏడేండ్లకు కాసిన కాయ, దిష్టి తగిలిస్తావు, ఊరంతా సాటొద్దు" అనింది. అనేసి తనే పక్కింటికి పోయి చెప్పొచ్చింది. ఒక దిమ్మె కొత్త బెల్లం పంపుతా ఉండా, మీ వదినకు పొంగలి చెయ్యండి.

నీ జాబు రెండుసార్లు చదివినాను. సంతోషం జాబు మాదిరి లేదు. గది గురించి ఎనిమిది వాక్యాలు, మీ వదిన గురించి రెండు. నేను నవ్వులకు రాసిన జాబు ఆమెకు సూపించలేదు కదా నువ్వు?

లోకేశ్వరి

తిరుపతి,
సెప్టెంబర్ 25

లోకా,

బెల్లం అందింది. పరీక్ష కాలం అయిపోయింది. చివరి తనిఖీ శుక్రవారం జరిగింది, కెమెరా తిప్పి చూపించాను, బాగుందన్నారు. ఉద్యోగం ఖాయం.

మరునాడు పెరటాసి నెల మొదటి శనివారం, పెరుమాళ్ళకు విశేషమైన రోజు. ఏటా లాగే ఆయనకు తళిగ నైవేద్యం వేశాం. పులిహోర, దధ్యోదనం, నీ బెల్లంతో పొంగలి. వదిన తెల్లవారుజామునే తలస్నానం చేసి తడిబట్టతో వండింది. పిండి దీపం కూడా తనే చేసింది. నాన్న ఎనిమిది ఇళ్ళ పెద్దలను పిలిచి తన చేత్తో వడ్డించాడు. పొంగలి బాగుందని అందరూ అన్నారు.

నువ్వు అడిగినదానికి: జాబు చూపించలేదు.

వేదిక

చిత్తూరు,
అక్టోబర్ 7

వేదిక,

నిన్న మీ వదిన మండీకి వచ్చింది. అర కిలో బెల్లం అడిగింది. నేనని చూసుకోలేదు. "ఎప్పుడొచ్చినారు వదినా?" అన్నాను.

"వారమైంది."

"పెరటాసి నెలలో మిమ్మల్ని ఎట్ల పంపినారు?"

"పంపించారు" అనింది. అంతే. పొట్లం తీసుకుని, చిల్లర తీసుకోకుండానే పోయింది.

మా అవ్వ గల్లా దగ్గర కూర్చోనుండాది. ఆమె పోయినాక, "ఆ బిడ్డ కడుపుతో ఉండే బిడ్డ కాదే" అనింది. "ఎట్ల చెప్తావు?" అంటే, "కడుపుతో ఉండేది కిందికి చూసుకుంటా నడుస్తాది, అది ఎవురన్నా చూస్తారేమోనని పక్కలకు చూస్తా నడుస్తా ఉండాది" అనింది.

ఏం జరిగింది? అంతా రాయి. స్కూల్లో సిస్టర్ నేర్పినట్టు కొట్టివేతలు లేకుండా శుభ్రంగా రాయొద్దు. కొట్టివేతలతోనే రాయి.

లోకేశ్వరి

తిరుపతి,
అక్టోబర్ 16

లోకా,

నీ జాబు చూపించలేదు. దాని అవసరం రాలేదు. అందులోని మాట నేనే నోటితో చెప్పాను.

ఆగస్టులో, పెరట్లో బట్టలు ఆరేస్తుండగా అడిగాను. "ఈ ఒక్క నెల కూర్చోకండి వదినా" అన్నాను. ఆమె చాలాసేపు ఒక చీర అంచే సరిచేస్తూ నిలబడింది. తర్వాత "సరే" అంది. ఇంట్లో వాళ్ళు దాన్ని ఏమని అర్థం చేసుకుంటారో నేను ఆలోచించలేదు. ఇది నిజం. నేను ఆలోచించింది గది గురించే.

కాని సెప్టెంబరులో నాకు అన్నీ తెలుసు. దానిమ్మపళ్ళు చూశాను. తళిగకు ముందు రోజు, ఆ శుక్రవారం ఐదున్నర దాటాక, నేను గది తాళం తీస్తుంటే ఆమె వచ్చింది. "వేదికా, ఈసారి కూర్చుంటాను. ఆలస్యమైంది, ఇప్పుడు వచ్చింది అంటే నమ్ముతారు. ఇంకో నెల దాటితే నమ్మరు" అంది.

"ఇవాళో రేపో చివరి తనిఖీ వదినా. ఇంకొక్కసారి" అన్నాను.

"రేపు తళిగ."

"తలనొప్పని చెప్పి పడుకోండి."

"పెరటాసి శనివారం కోడలికి తలనొప్పి వస్తుందా?" అంది. నవ్వింది కూడా. నేను లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాను. ఆరు కావస్తోంది.

తర్వాతి శుక్రవారం అమ్మ ఆమెను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. డాక్టరమ్మ ఆఖరుసారి ఎప్పుడని అడిగింది. అక్కడ అబద్ధం చెప్పడం వదినకు చేతకాలేదు. "పోయిన శుక్రవారం" అంది. అమ్మ అక్కడే కుర్చీలో కూర్చుని వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టిందట. శుక్రవారం, శనివారం. శనివారమే తళిగ.

ఇంటికొచ్చి ఎందుకు చేశావని అడిగారు. పెరటి గుమ్మం దగ్గర నేను నిలబడి ఉన్నాను. వదిన నా వైపు చూడలేదు. "ప్రతి నెలా మీరందరూ నా మొహం చూస్తారు. ఒక్క రెండు నెలలు అలా చూడకుండా ఉంటారని" అంది. అది కూడా నిజమే అయి ఉంటుంది. కాని అడిగినదానికి జవాబు అది కాదు. జవాబు గుమ్మంలో నిలబడి ఉంది.

నాన్న ఉత్తరీయం వేసుకుని లేచాడు. తళిగ తిన్న ఎనిమిది ఇళ్ళకూ ఆ సాయంత్రమే నడిచి వెళ్ళి జరిగింది చెప్పి, క్షమించమని అడిగి వచ్చాడు. దాచితే ఇంకా పాపమని. ఎవరి వల్ల అని వాళ్ళు అడుగుతారు కదా. కోడలు అన్నాడు. అప్పటి నుంచి గోష్ఠికి వెళ్ళడం లేదు. పాలు, పండు తప్ప ముట్టడం లేదు. అన్నయ్య ఆదివారం వచ్చి ఆమెను చిత్తూరు బస్సు ఎక్కించాడు. దానిమ్మపళ్ళు ఇంకా మూడు ఉన్నాయి, ఎవరూ తీయడం లేదు.

నేను రోజూ ఆరింటికి గదిలోకి వెళుతున్నాను. తప్పులు రావడం లేదు.

వేదిక

చిత్తూరు,
అక్టోబర్ 27

వేదిక,

గ్రీమ్స్‌పేటకు పోయినాను. వాళ్ళమ్మ కాఫీ ఇచ్చి లోపలికి పోయింది. మీ వదిన, నేను వరండాలో కూర్చున్నాము.

నేనే మొదలుపెట్టినాను. ఆ ఉపాయం రాసింది నేనే, నవ్వులకు రాసినాను, క్షమించండి అన్నాను. ఆమెకు తెలియదు. "అట్లా" అనింది, "వేదికకు అంత ధైర్యం ఎక్కడినుంచి వచ్చిందా అనుకున్నాను."

కోపం లేదా అని అడిగినాను. ఆమె చెప్పింది చెప్పినట్టు రాస్తా ఉండాను.

"కోపం ఎందుకు, లోకేశ్వరీ. ఆ గది మీద నాకూ ఆశ ఉండేది. నెలకు మూడు రోజులు నన్నెవరూ పిలవరు. కాఫీ కలపమనరు, పూలు కట్టమనరు. వేదిక పుస్తకాలు తెచ్చుకుని ఆ కిటికీ కింద పడుకుని చదివేదాన్ని. పది గంటలకు ఎండ వస్తుంది, పదకొండున్నరకు పోతుంది. ఏడేళ్ళు చూశాను. బల్ల ఎక్కడ వేయాలో నాకు కాక ఎవరికి తెలుస్తుంది?"

 నువ్వు కదా పుస్తకాలు చదివేదానివి, నీకు ఈ సంగతి ఇన్నేండ్లు ఎట్ల తెలియలేదు?

మళ్ళా పోతారా అని అడిగినాను. పిలిస్తే పోతాను అనింది. మీ అన్న పిలిచినాడంట. మామగారు పిలవాల, ఆయన మొగం చూడకుండా ఆ ఇంట్లో తిరగలేను అనింది. ఆయనకు నీ పేరు చెప్పమంటే, "అది నేను చెప్పే మాట కాదు" అనింది.

మీ నాయనతో నువ్వే చెప్పాల. నా జాబు తీసుకుపోయి ఆయన చేతిలో పెట్టు, నా పేరు కూడా చెప్పు. నాకు మీ ఇంట్లో అడుగు పెట్టే యోగ్యత పోతే పోనీ. ఒక వాక్యం మే. ఈసారి కూడా నువ్వు నిలబడి ఏడిస్తే, దెబ్బలు తినేది నువ్వు కాదు.

చెప్పినాక రాయి. చెప్పేదాకా నాకు జాబు రాయొద్దు.

లోకేశ్వరి

తిరుపతి,
నవంబర్ 9

లోకా,

రాయవద్దన్నావు. రాస్తున్నాను. దీన్నిబట్టే నీకు అర్థమై ఉంటుంది.

గురువారం చెప్పాలనుకున్నాను. ఎలా మొదలుపెట్టాలో కూడా అనుకున్నాను. ఆ రోజు తెల్లవారుజామున నాకు దూరం వచ్చింది. ఇక మూడు రోజులు ఇంట్లోకి వెళ్ళడానికి లేదు, నాన్న ఎదుటికి అసలే లేదు. అది తెలియగానే నా ప్రాణం తేలికపడింది. ఈ సంగతి ఎవరితోనైనా అనాలి, నీకు తప్ప అనడానికి నాకెవరూ లేరు.

మధ్యాహ్నం అమ్మ గడప అవతల పళ్ళెం పెట్టింది. వెళ్ళిపోలేదు.

"నాన్నతో ఏదో చెప్పాలని తిరుగుతున్నావు" అంది.

పళ్ళెం లోపలికి జరుపుకున్నాను.

"డాక్టరు దగ్గరే నాకు తెలిసింది. ఆ వారం నీ ఉద్యోగం పరీక్ష కాలం ఆఖరు కదా. నేను రోజులే లెక్కపెట్టాననుకున్నావా?"

"మరి వదినను ఎందుకు పంపారమ్మా?"

"నాన్న ఎనిమిది ఇళ్ళలో కోడలి పేరు చెప్పి వచ్చారు. ఇప్పుడు మళ్ళీ వెళ్ళి కూతురి పేరు చెప్పమంటావా? కోడలికి మొగుడున్నాడు, ఇవాళ కాకపోతే సంక్రాంతి పోయాక తీసుకొస్తాడు. నీకెవరున్నారు? ఉద్యోగం ఉంది, గది ఉంది, నోరు మూసుకుని చేసుకో." గొంతు పెంచలేదు. అన్నం చల్లారిపోతుందని కూడా చెప్పి వెళ్ళింది.

ఆ మూడు రోజులూ పని చేశాను, మధ్యలో ఆ కిటికీ కింద పడుకున్నాను. ఎండ పదింటికి వచ్చింది.

ఇవాళ తలస్నానం చేసి హాల్లోకి వెళ్ళాను. నీ జాబు చేతిలో ఉంది. నాన్న పారాయణం ముగించి కళ్ళద్దాలు తుడుచుకుంటున్నాడు. చాలా చిక్కిపోయాడు, ఉత్తరీయం భుజం మీద నిలవడం లేదు. నన్ను చూసి కూర్చోమన్నాడు. ఆయన అలా పిలిచి కూర్చోబెట్టడం చాలా రోజులైంది. జాబు వైపు చూశాడు.

"ఎవరిది?"

"లోకేశ్వరిది."

"చిత్తూరు నుంచా?" అని కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. అక్కడ ఇంకొకరున్నారని ఆయనకూ గుర్తొచ్చినట్టుంది. వినడానికి తల కొంచెం వంచాడు. అంత దగ్గరగా ఆయన ఎప్పుడూ నా వైపు వంగలేదు. "ఏం రాసింది?"

"వానలు పడుతున్నాయట నాన్నా" అన్నాను.

వేదిక